విరుగుడు లేని ఓర్పు

తితిక్షకు, అంటే ఓర్పుకు, వేదాంత గ్రంథం వివేకచూడామణి మూడు షరతులు పెడుతుంది. దుఃఖాలన్నిటినీ సహించాలి. వాటికి విరుగుడు వెతకకూడదు. చింత, ఏడుపు ఉండకూడదు. మా కాలనీ గుడిలో ఆదివారం పాఠంలో శాస్త్రిగారు ఇది చెబుతుంటే ఆడవాళ్ళందరం తలలూపాం. ఓర్పు గురించి ఎవరేం చెప్పినా ఊపుతాం, అలవాటు. నాకు మాత్రం రెండో షరతు మింగుడుపడలేదు. డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పి రిటైరైనదాన్ని. చలిని ఓర్చుకోవడమంటే నాకు ఋషి కన్నా ముందు డయాటమ్ గుర్తొస్తుంది.

బెంథామ్-హుకర్ వర్గీకరణ బట్టీపట్టినవాళ్ళందరికీ జోసెఫ్ హుకర్ తెలుసు. 1839లో, 22 ఏళ్ళ వయసులో, కెప్టెన్ రాస్ నౌకాయాత్రలో అంటార్కిటికాకు బయల్దేరిన ఆ కుర్రాడు అక్కడి మంచుకు గోధుమరంగు తెస్తున్నవి డయాటమ్‌లని గుర్తించిన సంగతి మాత్రం మా సిలబస్‌లో లేదు.

ఈ సూక్ష్మ శైవలాలు మంచులోకి కోరి వెళ్ళవు. సముద్రం గడ్డకట్టే రోజుల్లో నీళ్ళలో పుట్టిన మంచు పలుకులు పైకి తేలుతూ దారిలో దొరికినవాటిని లాక్కుపోతాయి. మంచు స్ఫటికంలో ఉప్పు ఇమడదు. బయటికి నెట్టిన ఉప్పంతా సన్నని కాలువల్లో చిక్కటి నీరుగా మిగులుతుంది. డయాటమ్‌ల కాపురం అందులోనే. మైనస్ 10 డిగ్రీల దగ్గర ఆ నీళ్ళు సముద్రం కన్నా నాలుగు రెట్లు ఉప్పన. నెత్తిన మంచు, దానిమీద మళ్ళీ హిమం. పైన పడే వెలుగులో చాలాచోట్ల నూరో వంతు కూడా కిందికి దిగదు.

మరి డయాటమ్ ఇదంతా ఊరికే సహిస్తుందా? కణంలోని నీటిని ఉప్పు లాగేయకుండా ప్రోలీన్ లాంటి పదార్థాలు పోగేసుకుంటుంది. పొర బిగుసుకుపోకుండా అసంతృప్త కొవ్వులు పెంచుకుంటుంది. ఫ్రాజిలారియోప్సిస్ సిలిండ్రస్ అనే జాతి ఇంకా ముందుకెళ్ళి, మంచును పట్టుకునే ప్రోటీన్లను బయటికి వదులుతుంది. చిన్న స్ఫటికాలను మింగి పెద్దవి పెరగకుండా అవి అడ్డుపడతాయి. ఈ శైవలాలు వదిలే జిగురు వల్ల కాలువల రూపమే మారుతుంది. అంటే చలి కింద పడివుండటం కాదు, ఆ చలి కట్టిన గోడలనే చెక్కుతోంది. ఆర్కిటిక్ డయాటమ్‌లు మైనస్ 15 డిగ్రీల్లోనూ మంచులో జారుతూ కదులుతాయని 2025లో శాస్త్రవేత్త మను ప్రకాశ్ బృందం ప్రకటించింది. కదలడమంటే ఓర్చుకోలేకపోవడమని ఎవరైనా అంటారా?

వసంతంలో మంచు కరిగితే పరీక్ష తిరగబడుతుంది. చుట్టూ ఉప్పు పలచబడిపోతుంది. పోగేసినదాన్ని వదులుకోకపోతే కణం ఉబ్బిపోతుంది. ఇక్కడ వైరాగ్యం గురించి కూడా నాలుగు మాటలు చెప్పొచ్చు గానీ, నాచు చేత అన్ని పాఠాలూ చెప్పించడం బాగుండదు.

ఇదంతా విని శాస్త్రిగారు, "అది శరీరధర్మం తల్లీ, తితిక్ష మనసుకు" అన్నారు. ఒప్పుకుంటాను. డయాటమ్‌కు మనసు లేదు, మూడో షరతులో దానికి నూటికి నూరు మార్కులు. కానీ మనసుకు చెప్పినదాన్ని మనం ఇన్నాళ్ళూ శరీరాల మీద ఎందుకు రుద్దాం? సన్యాసి తన చలిని తానే ఎంచుకున్నాడు. కంబళి వద్దనుకోవడం అతని సాధన, అతని గౌరవం. అత్తింట్లోనో, అప్పులోనో, ఆస్పత్రి వరండాలోనో చిక్కుకున్న మనిషి ఎంచుకున్నదేముంది? అలాంటివాళ్ళతో 'కుంగిపోకు' అనండి, నాకు అభ్యంతరం లేదు. 'ఏమీ చెయ్యకు' అనడంతోనే నా పేచీ. దిగులు పడకపోవడం, విరుగుడు చూడకపోవడం ఒకే గుణం కాదు. మొదటిది ఉన్నవాళ్ళే విరుగుడును నిదానంగా, బాగా వెతకగలరు.

"గీతలో చలీ వేడీ ఓర్చుకోమన్న కృష్ణుడే, నాలుగు శ్లోకాలు దాటకుండా యుద్ధం చెయ్యమన్నాడు కదండీ" అన్నాను.

శాస్త్రిగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అక్కడ సందర్భం వేరమ్మా" అన్నారు.

నేనంటున్నదీ అదే కదా.