ఆ ఖాళీలో పలకాల్సింది నువ్వు

బుజ్జీ,

ఉత్తరం అందింది. పుస్తకం పట్టుకుంటే ఆడియో వెనకబడుతోందనీ, ఆడియో పెట్టుకుంటే పుస్తకం మూలన పడుతోందనీ, రెండిట్లో ఏది మానెయ్యమంటావనీ అడిగావు. ఏదీ మానొద్దమ్మా. సొంతంగా చదువుకునేవాళ్ళకి ఎదురుగా మాస్టారు ఉండడు. మనల్ని మనం మోసం చేసుకుంటుంటే అడ్డుకునేవాళ్ళు ఉండరు. అందుకే ఆ రెండూ ఒకదానికొకటి కాపలా ఉండాలి.

జపనీస్ నేర్చుకోవడానికి నీ దగ్గరున్నది 'మిన్న నొ నిహొంగొ' కదా, మంచి పుస్తకం. అందులో 14వ పాఠంలో క్రియలకి 'తె' రూపం వస్తుంది. చాలామంది అక్కడే బెదిరిపోతారు. నువ్వు బెదరనక్కర్లేదు, అది మన 'లేచి, తిని, వెళ్ళి' లాంటిదే. 'అస ఒకితె, గొహన్ ఒ తబెతె, కైష ఎ ఇకిమస్' అంటే పొద్దున లేచి, అన్నం తిని, ఆఫీసుకి వెళ్తాను. మాటల వరస కూడా మనదే. 'తబెతె మిరు' అంటే అచ్చంగా తిని చూడటమే! ఈ భాష ఇంగ్లీషు వాళ్ళకి పట్టుబడాలంటే 2200 క్లాసు గంటలు కావాలని అమెరికా విదేశాంగ శాఖ లెక్క కట్టింది. ఆ అంకె చూసి హడలిపోకు. వాక్యాన్ని తలకిందులు చేసుకునే బాధ నీకు లేదు. కంజి అక్షరాల బాధంటావా, అది ఎవరికీ తప్పదు.

అయితే ఇంత సులువుగా అర్థం కావడంలోనే చిక్కుంది. 'నొము' ఉంటే 'నొందె', 'కకు' ఉంటే 'కయితె', 'మత్సు' ఉంటే 'మత్తె' అని పట్టిక చూడగానే బోధపడుతుంది. బోధపడింది కాబట్టి వచ్చేసిందనుకుంటాం. పుస్తకం మూశాక ఎవరైనా 'మత్సు' అంటే, ఏడెనిమిదులెంతరా అనగానే ఏడొకట్ల ఏడు దగ్గర మొదలుపెట్టే పిల్లాడిలా పట్టిక మొత్తం తలుచుకుంటాం. ఆ తడబాటు పోవడానికి ఆడియోలోని డ్రిల్లు కావాలి. మాట వినిపిస్తుంది, కాస్త ఖాళీ వస్తుంది, ఆ తర్వాత జవాబు. ఆ ఖాళీలో నోరు తెరిచి, పైకి, గట్టిగా చెప్పాలి. తప్పయినా సరే. జవాబు విన్నాక 'ఆ, అదే, నాకు తెలుసు' అనుకోవడం దొంగ లెక్క. అంట్లు తోముకుంటూ ఆ లెక్క రాసేవాళ్ళని చాలామందిని చూశాను. 1967లో పాల్ పిమ్స్‌లర్ అనే అమెరికన్ ప్రొఫెసరు ఒక మాటని 5 సెకన్లకి, 25 సెకన్లకి, 2 నిమిషాలకి, 10 నిమిషాలకి, అలా వ్యవధి పెంచుకుంటూ మళ్ళీ మళ్ళీ అడగాలని వరస వేశాడు. ఆయన పేరుతో వచ్చే ఆడియో పాఠాలకి మూలం అదే. ఎంత మంచి వరసయినా, అడిగినప్పుడు నువ్వు పలక్కపోతే దండగ.

అలాగని ఒట్టి డ్రిల్లుల్నే నమ్ముకోకు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యం ఎక్కువగా వాటితోనే సైనికులకి విదేశీ భాషలు నేర్పింది. తర్వాత కాలేజీల్లో ల్యాబులు పెట్టి మరీ వల్లె వేయించారు. వల్లించిన వాక్యం తడుముకోకుండా వచ్చేది, సొంత వాక్యం కావాలంటే నోరు పెగిలేది కాదు. ఆ మోజు తగ్గడానికి అదొక కారణం. కాబట్టి డ్రిల్లు అయ్యాక పుస్తకం తెరిచి, ఆ రూపం అలా ఎందుకు మారిందో చూసుకో. ఆ మూసలో నీ పనిలో వాడే మాటలు పెట్టి, పాఠంలో లేని వాక్యాలు చెప్పు.

ఉచ్చారణ సంగతి. 'కితె' అంటే వచ్చి, 'కిత్తె' అంటే కోసి, 'కీతె' అంటే విని. హ్రస్వం, ద్విత్వం, దీర్ఘం మన చెవికి కొత్త కాదు, అక్కడ నీకు లాభం. నష్టం ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటే వస్తుంది. ఆ అక్షరాలు చూస్తే మనవాళ్ళ నోట 'తొమొదచి' కాస్తా 'టొమొడాచి' అయిపోతుంది. పలికీ పలకనట్టుండే 'దెస్' వెళ్ళి 'దేసు' అవుతుంది. హిరగన 46 అక్షరాలు ముందు నేర్చేసుకుని ఆ రాత వదిలెయ్యి. రోజూ పాఠం తెరవకముందే సంభాషణ విని, విన్నది హిరగనలో రాసి, అప్పుడు పుస్తకంతో సరిచూసుకో. చెవి ఎక్కడ తప్పిందో అక్కడ బయటపడుతుంది.

జపనీస్ ఎన్4 పరీక్షలో 180కి 90 వస్తే చాలంటున్నావు. వినడానికి ఉన్న 60లో 19 కూడా రావాలి, లేకపోతే మొత్తం ఎంతొచ్చినా తప్పినట్టే. మాట్లాడించే పరీక్ష అందులో అసలు లేదు. నోరు విప్పకుండా గట్టెక్కేవాళ్ళు ఉంటారు, వాళ్ళని చూసి ధైర్యం తెచ్చుకోకు. నువ్వు జపాన్ వెళ్తున్నది ముసలివాళ్ళకి సేవ చెయ్యడానికి. స్టూడియోలో స్పష్టంగా, నెమ్మదిగా చదివిన గొంతు అక్కడ ఉండదు. పళ్ళూడిన నోటితో, వాళ్ళ ఊరి యాసలో, సగం మింగేస్తూ మాట్లాడతారు. 'ఇతై' అని గొణిగితే నొప్పెడుతోందని నీకు అందాలి. అందకపోతే ఫెయిలయ్యేది నువ్వు కాదు, బాధపడేది ఆ మనిషి. సర్టిఫికెట్ మీద మార్కులున్నాయి కదా అని సరిపెట్టుకోవడానికి ఉండదమ్మా. ఫ్యాక్టరీలో జపాన్ ఇంజనీర్లతో పనిచేసినన్నాళ్ళూ నా పని యంత్రాలతో. మాట అర్థం కాకపోతే బొమ్మ గీసి అడిగేవాణ్ణి. నీకు ఆ వీలుండదు.

14వ పాఠం అయ్యాక పుస్తకం మూసి, నీ దినచర్య జపనీస్‌లో చెప్పి రికార్డు చేసి నాకు పంపు. తప్పులున్నా దిద్దకుండా, మొదటిసారి చెప్పిందే పంపు. అమ్మని అడిగానని చెప్పు.

మీ మామయ్య