విమర్శకునకు పక్షముండవచ్చునా?

విమర్శకుడు త్రాసువంటివాడను నమ్మకము మనలో చిరకాలముగా కలదు. త్రాసునకు బంధువులు లేరు. బంగారమును తూచునపుడు అది సంతోషింపదు, సీసమును తూచునపుడు విసుగుకొనదు. ఉపమానము బాగుగనే యున్నది గాని, త్రాసు తానుగా అంగడికి పోయి సరకు నేరుకొనదు గదా! నేటి చిత్రకళాలోకమున క్యూరేటరని పిలువబడువారి పని ఆ యేరుటయే. ఎవరి పటము గోడ కెక్కవలెను, ఎవరిది చిత్రకారుని యింటనే యుండిపోవలెను, దేని ప్రక్క దేనిని వ్రేలాడదీయవలెను అని నిర్ణయించువారు వారు. అట్టివారే విమర్శయు వ్రాసినచో, ఏరిన చేతితోనే తూచినట్లగును. ఇది ధర్మమా, కాదా? ఈ ప్రశ్నను శ్రీమతి గీతా కపూర్‌గారి వ్రాతల నాధారముగా గొని విచారింపదలచితిమి.

1943లో జన్మించిన యీ విదుషి భారతీయ చిత్రకళను గూర్చి దశాబ్దములుగా ఆంగ్లమున వ్రాసినవారు. 1978లో 'కాంటెంపొరరీ ఇండియన్ ఆర్టిస్ట్స్', 2000లో 'వెన్ వాజ్ మోడర్నిజమ్' అను గ్రంథములు వెలువడినవి. మా ప్రశ్నకు ముఖ్యమైనది ఈ రెంటి నడుమ, 1981లో, బొంబాయిలోను ఢిల్లీలోను జరిగిన 'ప్లేస్ ఫర్ పీపుల్' అను ప్రదర్శనము. మనుష్యులకు చోటు అని దాని యర్థము. భూపేన్ ఖక్కర్, గులాం మహమ్మద్ షేక్, జోగేన్ చౌధురి, సుధీర్ పట్వర్ధన్, నళినీ మలానీ, వివాన్ సుందరం అను ఆర్వురు అందు పాల్గొనిరి. వీథిలోని మనుష్యుని, ఇంటిలోని మనుష్యుని, వాని కథతోగూడ చిత్రపటము మీదికి మరల తెచ్చుట వారి సంకల్పము. ఆ ప్రదర్శనమునకు గీతా కపూర్‌గారు వ్రాసిన వ్యాసమునకు శీర్షికలోనే 'పార్టిజన్' అను విశేషణము నుంచిరి. మనుష్యాకృతిని గూర్చి ఒక పక్షమువారి యభిప్రాయములని చెప్పియే మొదలు పెట్టినారన్నమాట. ఆ యార్వురిలో 2023లో దివంగతులైన వివాన్ సుందరం ఆమె జీవితసహచరులు.

ఇచ్చట చదువరుల కనుబొమలు ముడివడుట సహజము. తా వలచినది రంభ, తా మునిగినది గంగ యను సామెత నోటికి వచ్చును. కాని యొక్క క్షణము నిలువుడు. మన యిండ్లలో సంబంధములు కుదుర్చు పెండ్లిపెద్దను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. 'నాకెవరి పక్షమును లేదు, ఉభయుల క్షేమమే నాకు కావలెను' అని యతడే యందరికంటె బిగ్గరగా చెప్పును. అతని మాట నమ్మి మోసపోయిన యాడుబిడ్డలు మనలో తక్కువవారు కారు. కళాలోకమునను తటస్థత యను ముసుగులో ధనికుల యభిరుచియు, అంగడి ధరయు, పాతస్నేహములును చక్కగా దాగగలవు. పక్షము లేని యేరిక లేదు; చెప్పిన పక్షమును, చెప్పని పక్షమును మాత్రమే యున్నవి.

అయినను, చెప్పినంతమాత్రమున దోషము తొలగునని మేము వాదింపము. 'నేను మావాని పక్షము' అని కోర్టులో ప్రకటించిన సాక్షి నిజాయితీపరుడే కావచ్చును. అంతమాత్రమున అతని సాక్ష్యము నిజము కాదు. పక్షము వహించిన విమర్శకునిపై మరియొక ఋణమున్నది. తన తీర్పునకు హేతువు లీయవలెను. ఆ హేతువులు ఎదుటివాడు చేత బుచ్చుకొని తిరిగి విసరదగినవై యుండవలెను. 1987లో బరోడాలో సరిగా నిట్లే జరిగినది. కె. పి. కృష్ణకుమార్ మొదలగు యువకళాకారులు, కేరళీయులే యధికులు, రాడికల్ సంఘముగా నేర్పడి ప్రదర్శనము జరిపిరి. వారి ప్రకటనపత్రమును రచించిన అనితా దూబే, ముందు తరమువారి కథనచిత్రణమార్గమును తీవ్రముగా ఖండించిరి. పక్షమని పేరుపెట్టుకొని నిలిచినవారు గనుక ఎదురుపక్షమునకు గురి దొరకినది. త్రాసుతో నెవరు పోట్లాడగలరు?

హేతువులిచ్చు పద్ధతి రవివర్మను గూర్చిన వ్యాసమున మాకు మిక్కిలి నచ్చినది. 1894లో రవివర్మ స్థాపించిన ముద్రణాలయము పుణ్యమా యని ఆయన లక్ష్మియు సరస్వతియు మన పూజగదులలో ప్రవేశించిరి. ఆ పటములను చూచియే దేవతల మొగములను నేర్చుకొన్న కుటుంబము లెన్నియో! ఆనంద కుమారస్వామివంటి పండితులు అదంతయు పరదేశానుకరణమని నిరసించిరి. ఒకరికి ఆరాధ్యము, ఒకరికి త్యాజ్యము. గీతా కపూర్‌గారు ఈ రెండు తలుపులను దాటి, ఆయనకు గల చిక్కు ఏమని యడిగిరి. కంటికి కనబడు శరీరమును ఉన్నదున్నట్లు చూపుటకు పెరిగిన తైలవర్ణవిద్యతో పురాణపురుషులను చిత్రించుట యెట్లు? దమయంతి దమయంతిగా నుండవలెనా, చీర కట్టి ఎదుట నిలిచిన యొక స్త్రీగా నుండవలెనా? ఈ ప్రశ్న విన్న పిమ్మట మన గోడమీది పటమును మనమే మరల పరీక్షింపవచ్చును. ఆమెతో నేకీభవింపకయు పోవచ్చును.

కాని యొక ఫిర్యాదు మాకు కలదు, దానిని దాచము. ఆమె యాంగ్లము కఠినము. ఒక్కొక్క వాక్యమున మూడు నాలుగు సిద్ధాంతములు ఒకదానిపై నొకటి కూర్చుండును. కళాశాలలో చదివినవారు సైతము ఒక పుటను రెండుమారులు చదువవలసివచ్చును. మనుష్యులకు చోటు అని పలికిన వ్యాసమున ఆ మనుష్యులలో నెందరికి చోటు దొరకును? క్లిష్టవిషయమునకు క్లిష్టభాష తప్పదని కొంద రందురు. కొంతవరకు నిజమే. అయినను, హేతువు అర్థమైనవానికే దానిని ఖండించు హక్కు దక్కును. అర్థము కాని హేతువు, చెప్పని పక్షముతో సమానమగు ప్రమాదమున్నది. ఈ ఋణము ఆమె సగమే తీర్చినారని మా యభిప్రాయము.

మిగిలిన సగమును ఆమె కలము కంటె ఆమె కూర్పే యొకమారు తీర్చినదనవచ్చును. 2001లో లండనులోని టేట్ మోడర్న్‌లో తొమ్మిది నగరములను గూర్చి 'సెంచరీ సిటీ' యను ప్రదర్శనము జరిగెను. అందు బొంబాయి భాగమును ఆమెయు ఆశీష్ రాజాధ్యక్షయు కలిసి కూర్చిరి. 1992 నుండి, అనగా మతకల్లోలములతో నగరము రగిలిన కాలమునుండి, వారు కథ మొదలుపెట్టిరి. అక్కడ అతుల్ దోడియా చిత్రములు దుకాణములకు వేయు ఇనుప షట్టరుల మీద నుండెను. అల్లరి వినబడగానే గడగడమని క్రిందికి లాగు షట్టరు! దానిని గ్రహించుటకు నిఘంటువు అక్కరలేదు, సిద్ధాంతమక్కరలేదు. బొంబాయిలో చిల్లరకొట్టు నడుపువాడు దానియెదుట నిలిచి, ఇది సరి, ఇది తప్పు అని గంటసేపు వాదింపగలడు. అతడు మాత్రము లండనునకు పోలేదు.