చెట్టు క్రింది ఆకు

చెట్టు నాటుట పుణ్యమని మనవారందఱు నెఱుగుదురు. నాటిన మఱునాటినుండి ఆ చెట్టునెడ మనకు గల ధర్మమెట్టిదో విచారించినవారు మాత్రము అరుదు. మా యభిప్రాయమున అసలు చిక్కంతయు నక్కడనే యున్నది.

భూర్జవృక్షమును చూడుడు. హిమాలయములలో మూడువేల మీటర్లకు పైబడిన చలిసీమ దాని పుట్టినిల్లు. తెనాలి చెంతనున్న సంగం జాగర్లమూడివంటి గ్రామమున నది బ్రదుకదు. మనకది పేరునకు మాత్రమే చుట్టము: కుమారసంభవమున విద్యాధరస్త్రీలు ప్రేమలేఖలు వ్రాయునది దాని పట్టమీదనే, మంత్రవేత్తలు యంత్రములు వ్రాయు భూర్జపత్రమును అదియే. అయితే మన డెల్టా బిడ్డలనేకులు నేడు అమెరికాలో కాపురములు చేయుచున్నారు. ఆ దేశమున ఇండ్లముంగిట భూర్జజాతి చెట్లను పెంచుట వాడుక.

తెల్లని మ్రానును చూచి మురిసి, జనులు దానిని మిట్టయెండలో పచ్చిక నడుమ నాటుదురు. చేటంతయు నందే కలదు. భూర్జమునకు వేళ్లు నేలలో పైపైననే పాఱును. ఆకులకు ఎండ కావలెను గాని వేళ్లకు నీడయు తడియు కావలెను. అడవిలో దాని యాకులే రాలి దాని వేళ్లను కప్పును. ఇంటనో, ఆ కప్పును మనము ఊడ్చి పాఱవైతుము. నేల కాగును, చెట్టు నీరసించును, అంతట బెరడు క్రింద తొలుచు పురుగు ప్రవేశించును. బలమైన చెట్టు దానిని చాలవఱకు అణచుకొనగలదు, నీరసించినది అణచుకొనలేదు. కొనకొమ్మలు ముందుగా ఎండుట దీని గుఱుతు. యజమానుడు పురుగును తిట్టును, మందు కొనును. చీపురును మాత్రము శంకింపడు! మ్రానునకు తగులకుండ మూడంగుళముల మందమున ఆకులో చెక్కపేళ్లో పఱచి, వాన లేని దినములలో నేల లోతుగా తడియునట్లు నీరు పెట్టినచో ఆ చెట్టునకు సగము వైద్యము జరిగినట్లే. వెచ్చని సీమలవారు తెల్లనిదానిపై మోజు విడిచి, అచ్చటి యేటియొడ్డులకు చెందిన భూర్జమును నాటుట మేలు. దాని బెరడు అంత తెల్లన కాదు. ఆ పురుగునకు మాత్రము లొంగదు.

ఇక సంగం జాగర్లమూడికి వత్తము. కృష్ణపై 1855లో ఆనకట్ట ముగిసిన నాటినుండి కాలువనీటితో బ్రదికిన సీమ యిది. గుంటూరు పట్టణమునకు మంచినీరును ఈ యూరినుండి పోవును. ఇట్టిచోట పెరటి వేపకు దాహమేమని తోచవచ్చును. కాని వేసవిలో కాలువ కట్టివేయుదురు, నల్లనేల బీటలు వాఱును. అప్పటికే మొదలంట సిమెంటు పోసి, రాలిన యాకెల్ల ఊడ్చివేసియుందుము. భూర్జమునకు అమెరికాలో చేయుచున్న యపచారమే వేపకు ఇచ్చట చేయుచున్నాము. వేప మొండిది గనుక ఓర్చుకొనుచున్నది. దాని యోర్పునకును హద్దు కలదు. 2021లో తెలుగుదేశమంతట వేపలు కొనలనుండి మాడిపోయినవి. అది బూజు తెగులు. దోమవంటి యొక పురుగు దానికి తోడైనది. చచ్చినవనుకొన్న చెట్లలో అనేకములు మరల చిగిర్చినవి. తొందరపడి గొడ్డలి పట్టినవారి పెరళ్లలో చిగిర్చుట కేమియు మిగులలేదు.

ఊడ్చుట శుభ్రత కాదా యని ఇల్లాండ్రు ప్రశ్నింతురు. న్యాయమైన ప్రశ్నయే. తెల్లవాఱకముందే వాకిలి ఊడ్చి కల్లాపి చల్లు గృహిణికి చెత్త యనిన రోత. ఆకుల క్రింద తేలుండునను భయమును అబద్ధము కాదు. అందువలన గోడకును నడచు త్రోవకును దూరముగా, చెట్టు పాదు మేర మాత్రమే ఆకు నుండనిచ్చిన చాలునని మా మనవి. ముగ్గు వాకిటనే యుండుగాక.

అయినను ఇంతకంటె కఠినమైన ప్రశ్న యొకటి కలదు. చెట్టు నాటిన పేరు యజమానునిది. రోజూ ఆకు ఊడ్చు నడుమునొప్పి ఇల్లాలిది. ఆమె విసిగి, “ఈ చెట్టు కొట్టించుడు” అన్నప్పుడు చెట్లయెడ దయ లేనిదని ఆమెను నిందించుట యెంతటి యన్యాయము! సభలలో వృక్షరక్షణమునుగూర్చి యుపన్యసించు మిత్రులలో పెరటిచీపురు ముట్టినవారెందఱు? ఇల్లాలిచేత నీళ్లు మోయించి సాగించు భూతదయ యామె శ్రమకు వెల కట్టని దయ. పాదులో ఆకు నుంచవలెనా, తీయవలెనా యను తగవును వచ్చు వేసవిలో నెలదినములు తామే పెరడు ఊడ్చి, నీరు మోసిన పిమ్మట ఇంటి మగవారు తీర్తురుగాక.