చెక్కిన చేతికి లెక్క ఉన్నదా?



చేసే పనిని శ్రద్ధగా, మోసము లేకుండా చేయవలెనని మన పెద్దలు మనకు నేర్పారు. మంచిదే. అయితే ఒక ప్రశ్న మిగిలే ఉన్నది. పని బాగా చేసినంత మాత్రాన మన బాధ్యత తీరిపోతుందా? ఆ వస్తువు ఎవరి చేతికి వెళ్లి ఏమి చేస్తుందో, అందులో మనకు పాలు లేదా? దీనిని సుళువైన ఉదాహరణతో కాక కష్టమైన దానితోనే పరీక్షించుదాము. అది పాతకాలపు తుపాకికి కర్ర చెక్కే పని.

18వ శతాబ్దములో జర్మనీ, స్విట్జర్లాండు ప్రాంతాలనుండి అమెరికాలోని పెన్సిల్వేనియాకు వలస వెళ్లిన పనివారు ఒక కొత్తరకము తుపాకిని తయారుచేశారు. మూతిలోనుండి మందు, గుండు కూరి పేల్చే తుపాకి అది. స్వదేశములో వారు చేసినది పొట్టిది, దాని కర్ర ఎక్కువగా అక్రోటు మానుది. కొత్త దేశములో గొట్టము 40 అంగుళాలు దాటి సాగింది. కర్రకు అక్కడి అడవులలో దొరికే మేపుల్ మాను వచ్చింది. వలస వెళ్లినవారి చేతిలో పని కూడ మారుతుందని మనకు ఎవరును చెప్పనక్కరలేదు.

ఆ పని ఎట్టిదో చూడండి. బాగా ఆరిన మేపుల్ దిమ్మెలో, ఎనిమిది ముఖాల ఇనుప గొట్టము కూర్చొనుటకు పొడవునా గాడి తీయవలెను. గొట్టానికి దీపపు మసి పూసి గాడిలో నొక్కి పైకి తీస్తారు. మసి అంటిన చోట కర్ర ఎత్తుగా ఉన్నదని అర్థము. అంతమట్టుకే గీకి, మరల మసి పూసి, మరల నొక్కుతారు. మసి అంతటా సమముగా అంటేవరకు ఇదే పని. దాని క్రింద, మందు దట్టించే గజము దూరుటకు పొడవాటి రంధ్రము తొలచవలెను. రెండింటి మధ్య మిగిలే కర్ర బహు పలుచన. బరమా కాస్త ప్రక్కకు పోయిందా, రోజుల కష్టము వ్యర్థము.

గొట్టము బిగించిన తరువాత ఆ గాడిని చూచేదెవరు? కొన్నవాడు చూడడు. అయినను మంచి పనివాడు అక్కడ మోసము చేయడు. మనకు నచ్చే పాఠము ఇదే. ఇక్కడే ముగించవచ్చును కూడ. కాని అది సగము మాటే అవుతుంది. ఎందుకంటే ఆ కర్ర ఎంత నిజాయితీగా అమరితే గురి అంత నిలకడగా ఉంటుంది, జింక మీదనైనా, మనిషి మీదనైనా.

ఆ పనివారిలో మొరేవియన్ సంఘస్థులు కూడ ఉన్నారు. 1792లో విలియం కేరీగారు వ్రాసిన చిన్న పుస్తకములో మిషనెరీ సేవకు మాదిరిగా చూపినవారిలో వీరును ఉన్నారు. పెన్సిల్వేనియాలోని క్రిస్టియన్స్ స్ప్రింగ్ అనే వారి గ్రామములో ఆండ్రియాస్ ఆల్బ్రెక్ట్, ఆయన తరువాత క్రిస్టియన్ ఓర్టర్ తుపాకులు చేశారు. యుద్ధము చేయుటకు వెనుకాడే సంఘములో తుపాకుల కొట్టు! వేటకు తుపాకి కావలసిన బ్రతుకే వారిది. అయినను ప్రశ్న పోదు.

తప్పు వస్తువుది కాదు, పట్టిన చేతిది అని కొందరు అంటారు. దీనికి భయంకరమైన సాక్ష్యము ఒకటి ఉన్నది. 1782 మార్చి 8న ఒహాయోలోని నాడెన్‌హూటెన్ గ్రామములో పెన్సిల్వేనియా పౌరసేన 96 మంది మొరేవియన్ క్రైస్తవులను చంపింది. వారు అక్కడి ఆదివాసులు, వారిలో స్త్రీలు, పిల్లలు ఉన్నారు. ఆకలికి తాళలేక, పొలములో విడిచి వెళ్లిన మొక్కజొన్న కోసుకొనుటకు వచ్చినవారు. స్నేహితులమని నమ్మించి వారి తుపాకులను ముందే తీసుకున్నారు. రాత్రంతా వారు ప్రార్థిస్తూ, పాటలు పాడుతూ గడిపారు. తెల్లవారిన తరువాత వారిమీద ఎత్తినది పీపాలు కట్టే పనివాని కొయ్యసుత్తి.

ఆ సుత్తి చేసినవాడు నేరస్థుడా? కాడు. పీపాలకోసము చేశాడు. అయితే తుపాకి కర్ర చెక్కేవాడు ఈ మాట చాటున దాగలేడు. సుత్తి దారి తప్పి చంపింది. తుపాకి చేయబడినదే చంపుటకు. అంతేకాదు, భుజానికి ఆనే చోటునుండి మీటవరకు పొడవు, చెంప ఆనే చోట వంపు, ఇవన్నీ మంచి పనివాడు కొనేవాని చేతిని, మెడను చూచి కొలుస్తాడు. ఎవరి భుజానికి చేస్తున్నాడో అతడు ఎరుగును. ఎరిగినంత మేరకు లెక్క ఉన్నదని మా అభిప్రాయము.

ఈ కాలములో చాలామందికి ఆ భుజము కనబడదు. తిరుచిరాపల్లిలోను, పుణె దగ్గర ఖడ్కీలోను ఆయుధ కర్మాగారాలు ఉన్నవి. అటువంటి చోట పనిచేసే సహోదరుడు ఒక్క భాగమే చూస్తాడు. దేశరక్షణకు చేసేది తప్పు కాదని కొందరు, ఏ ఆయుధమైనా తగదని కొందరు అంటారు. సంఘములో ఇరువురికిని చోటు ఉండవలెను. సారా సీసాకు చీటీ అంటించే వానికి, అధిక వడ్డీ లెక్కలు వ్రాసే గుమాస్తాకు కూడ ఇదే ప్రశ్న.

ఎవరినీ తీర్పు తీర్చుటకు మేము ఇది వ్రాయలేదు. పిల్లలను చదివించుటకు దొరికిన పని చేసినవారమే మనమంతా. కోరేది ఒక్కటే. "నా పని నేను చేశాను" అనే మాటతో ఆలోచనను ఆపివేయవద్దు. ఇది ఎవరికి వెళ్తుంది, ఎందుకు వెళ్తుంది అని సంవత్సరానికి ఒక్కసారైనా అడగండి. జవాబు నచ్చకపోతే సంఘ పెద్దలతో, ఇంటివారితో చెప్పుకొనండి. పని మానమని ఒకరితో అనేముందు, వాని ఇల్లు గడిచే దారి కూడ సంఘము ఆలోచించవలెను. అదియు మన లెక్కలోనిదే.