పల్లె త్రాసు, పట్నపు త్రాసు

శ్రీ వీతరాగాయ నమః



పల్లెలో ధర్మము నిలుచునని, పట్నములో జారిపోవునని పెద్దలు అనుచుందురు. ఈ మాటలో సగమే నిజము.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న రాయచూరు సీమనే చూడుడు. 1871లో బొంబాయి వైపు రైలుమార్గమును, మద్రాసు వైపు రైలుమార్గమును రాయచూరులో కలిసినవి. ప్రత్తి వ్యాపారము పెరిగెను. మాన్వి, దేవదుర్గ, లింగసుగూరు వైపు పల్లెలలో అంగడి పెట్టుకొన్న వర్తకుని బిడ్డలు పట్నమునకు చేరి గంజ్‌లో అడతి దుకాణములు తెరచిరి. త్రాసు ఒక్కటే, అది నిలిచిన చోటు మారెను.

పల్లెలో వర్తకునికి ప్రతి ముఖము తెలియును. పొద్దున తూకములో పొరపాటు జరిగిన సాయంత్రమునకు రచ్చబండ మీద మాట పుట్టును. ఆ సిగ్గే చేతిని పట్టి ఆపును. కాని ఆ పల్లెలోనే రైతుకు వేరొక అంగడి లేదు. విత్తనములకు, ఉప్పునకు, కూతురి పెండ్లి బట్టలకు ఆ గడపయే దిక్కు. తూచువాడును, ఖాతా వ్రాయువాడును ఒక్కడే. చదువురాని రైతు వ్రేలిముద్ర వేసి పోవును. అక్కడి ప్రలోభము ఎదుటివాని నిస్సహాయత.

పట్నములో రైతు ఈ దుకాణము కాదన్న ప్రక్క దుకాణమునకు పోగలడు. పదిమంది కొనువారున్నచోట ధర దాగదు. ఇది మేలే. కాని ముఖము మరుగైపోవును. కల్తీ నూనె కొన్నవాడు మరల కనబడడు. అక్కడి ప్రలోభము ఎవరికిని తెలియకపోవుట. 1958 నుండి మెట్రిక్ తూనికలు వచ్చి శేర్లు, మణుగులు పోయినవి. రాయి మారినంత మాత్రాన చేయి మారునా? తక్కువ తూచుటయు, నకిలీ సరుకు అమ్ముటయు అచౌర్య వ్రతమునకు అతిచారములని తత్త్వార్థసూత్రము ఏనాడో లెక్కించినది.

మహావీరస్వామి పల్లెలో ఒక రాత్రి, పట్నములో ఐదు రాత్రులు మాత్రమే నిలిచేవారని కల్పసూత్రము చెప్పును. అయినను వర్షాకాలములు ఎన్నో రాజగృహము, వైశాలి వంటి మహానగరముల చెంతనే గడపిరి. ఆయన పట్నమును వెలివేయలేదు. వాణిజ్యగ్రామపు ఆనందశ్రావకునికి పన్నెండు కోట్ల బంగారము, ఐదువందల నాగళ్లు, వేయి బండ్లు ఉండెను. ఇటు పొలము, అటు వర్తకము. ఆయన ఏ చోటును విడువలేదు. ఉన్నదానికి హద్దు గీసికొని, ఇక పెంచనని వ్రతము పట్టెను. కడకు ఆయనకు అవధిజ్ఞానము కలుగగా గౌతమస్వామి సందేహించిరి. ఆ గృహస్థునే క్షమాపణ కోరుమని భగవానుడు గౌతములను పంపెను.

పల్లె కొన్ని నియమములను అడుగకయే ఇచ్చెడిది. దీపములు చాలని రోజులలో సూర్యాస్తమయమునకు ముందే భోజనము ముగిసెడిది. బండి పోగలిగినంత మేరయే వ్యాపారమునకు హద్దు. నేడు విద్యుద్దీపము రాత్రిని పగలు చేసినది. ఫోను దేశదేశముల ధరలను గద్దె వద్దకే తెచ్చినది. ఈ మార్పు నేడు పల్లెకును చేరినది. కావున ఊరు పెట్టిన హద్దును ఇక మనసు పెట్టుకొనవలెను. దిగ్వ్రతము, పరిగ్రహ పరిమాణము అందులకే కలవు.

పల్లె వర్తకుడు బాకీ లెక్కను రైతు నమ్మిన మనిషి చేత ఎదుట చదివింపవలెను. పట్నపు వర్తకుడు తెలియని కొనుగోలుదారునకు సొంత ఊరివానికి తూచినట్లు తూచవలెను.

సంవత్సరినాడు బంధువులకు క్షమాపణ పత్రములు పంపుట సులభము. వారు కోపగించినను వియ్యము విడువరు. ఈ యేడు చిట్టా తెరచి, లెక్క తప్పిన రైతు పేరొకటి వెదకి, అతని గడపకు పోయి, ఎక్కువ పుచ్చుకొన్నది తిరిగి చేతిలో పెట్టి "మిచ్ఛామి దుక్కడం" అన్నవాడు ఎచ్చట నివసించినను ఆనందుని ఊరివాడే.

జై జినేంద్ర.