"వలెను" అను మాట

కర్తవ్యమును తెలుపుటకు తెలుగున పెక్కు మాటలు కలవు. చేయవలెను, చేయక తప్పదు, చేయుట విధి, చేయుట ధర్మము అని ఒకే పనిని గూర్చి నాలుగు విధములుగా చెప్పవచ్చును. అయినను ఈ నాలుగింటి బరువును ఒక్కటి కాదు. వీనిలో అన్నిటికంటె ఎక్కువగా వాడబడునదియు, అన్నిటికంటె తక్కువగా విచారింపబడునదియు "వలెను" అనునది. "వలయును" అనునది దీని పూర్వరూపము. వాడుకభాషలో ఇదియే "చేయాలి, పోవాలి, కావాలి" అను రూపములలో ఉదయము మొదలు రాత్రి వఱకు ప్రతివాని నోటను వినబడుచున్నది.

ఈ మాటకు రెండర్థములు కలవు. "నాకు నీరు కావలెను" అన్నచో అది కోరిక. "నేను నీరు తేవలెను" అన్నచో అది కర్తవ్యము. ఈ రెంటికిని వేర్వేరు మాటలు గల భాషలు లేకపోలేదు. తెలుగు మాత్రము రెంటికిని ఒకే మాటను వాడుచున్నది. నిషేధమునందును ఇదే రీతి. "వలదు" అనుమాట "వద్దు"గా మారినది. "నాకు వద్దు" అనునది అనిష్టమును తెలుపును. "అబద్ధమాడవద్దు" అనునది నియమమును తెలుపును.

అయితే వాక్యనిర్మాణమున ఒక భేదము కలదు. కోరికను చెప్పునప్పుడు "నాకు" అని షష్ఠీ విభక్తి వచ్చును. కర్తవ్యమును చెప్పునప్పుడు "నేను" అని ప్రథమా విభక్తి వచ్చును. మొదటి వాక్యమున మనుష్యుడు పుచ్చుకొనువాడు. రెండవదానిలో పని చేయువాడు. క్రియ ఒక్కటియే యైనను మనుష్యుని స్థానము మాఱినది. నీతికి సంబంధించిన ఒక పెద్ద ప్రశ్న ఇచ్చట దాగియున్నది. మనుష్యుడు చేయవలసినది అతనికి కావలసినదియు కావలెనా? లేక కోరికతో సంబంధము లేకుండ కర్తవ్యము తనంత తాను నిలువగలదా?

ఈ ప్రశ్నకు తక్కిన మాటలు తలయొక విధముగా సమాధానము చెప్పును. "తప్పదు" అనుమాటలో కోరికకు చోటు లేదు. వాన తప్పదు, చావు తప్పదు అన్నట్లే పని తప్పదు అందురు. అందు మనుష్యుని ఇష్టమును అడుగువాడు లేడు. "విధి" అనుమాట ఇంకను చిత్రమైనది. శాస్త్రము శాసించినదియు విధియే, నుదుటి వ్రాతయు విధియే, ఉద్యోగి చేయవలసిన పనియు విధియే. 1976లో 42వ సవరణ ద్వారా భారత రాజ్యాంగమున 51-ఎ అధికరణము చేరినప్పుడు, పౌరుల కర్తవ్యములకు తెలుగున "ప్రాథమిక విధులు" అను పేరు స్థిరపడినది. ఒకే మాట ఆజ్ఞను, అదృష్టమును, బాధ్యతను కూడ తెలుపుట వలన ఒక ప్రమాదము కలదు. ఒకడు మఱియొకనిపై మోపిన భారము సైతము బ్రహ్మవ్రాతవలె కనబడును. మోసినవాడు దానిని ప్రశ్నింపడు. మోపినవాడు సమాధానము చెప్పనక్కఱలేదు.

ఆ ప్రమాదము ఊహ కాదు. నిజాము పాలనలోని తెలంగాణమున "వెట్టి" అను ఆచారముండెడిది. చాకలి, కుమ్మరి, మంగలి, మాదిగ మున్నగు కులములవారు దేశముఖులకును అధికారులకును కూలి లేకయే పని చేయవలసి యుండెడిది. ఆ "చేయవలసి" అనుమాటలో కోరిక యించుకయు లేదు. వద్దనుటకు వారికి నోరు లేదు. 1946లో మొదలైన తెలంగాణ రైతాంగ పోరాటమునకు ఈ వెట్టియు ఒక ముఖ్యకారణము. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 23వ అధికరణమున వెట్టిచాకిరిని నిషేధించినది. 1976లో వెట్టి కార్మిక వ్యవస్థను రద్దు చేయుచు ప్రత్యేకముగా ఒక చట్టము వచ్చినది.

వెట్టికి ఎదురుగా నిలువదగిన మాట "కాయకము". 12వ శతాబ్దమున కల్యాణమున బసవేశ్వరుని చుట్టును చేరిన శరణులు ఈ మాటకు క్రొత్త విలువ నిచ్చిరి. పడవ నడుపు అంబిగర చౌడయ్య, బట్టలుతుకు మడివాళ మాచయ్య, త్రాళ్ళు పేను నులియ చందయ్య ఒకే సభలో సమానులుగా కూర్చుండిరి. వారిలో పలువురు తాతల నాటి వృత్తినే చేసియుండవచ్చును. అయినను ఆ వృత్తి వారి తలవ్రాత కాక, వారు మనసార చేపట్టిన సేవ యైనది. మోళిగె మారయ్య రాజ్యమును విడిచి వచ్చి కట్టెలమోపులు అమ్మి జీవించెనని పరంపర చెప్పుచున్నది. రాజుగా నుండగలవాడు కట్టెలు మోయుటకు "తప్పదు" అను మాట చాలదు. అతనికి ఆ పని కావలెను. అతడు ఆ పని చేయవలెను. "వలెను" యొక్క రెండర్థములును అచ్చట ఒక్కటైనవి.

కోరికవైపు నుండియు ఈ మాటకు ఒక హద్దు కలదు. ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చి, దానితోనే జంగమార్చన జరుపుచుండెడివాడు. ఒకనాడు అతడు నిత్యముకంటె ఎక్కువ తెచ్చెను. భార్య లక్కమ్మ అది చూచి, ఆ దినమునకు చాలినంత ఉంచి, మిగిలినది ఎచ్చట తెచ్చితివో అచ్చటనే పోసిరమ్మని పంపెనని చెప్పుదురు. "కావలెను" అనుటకు ముందు ఎంత కావలెనో తెలిసికొనుట ఆమె నేర్పిన పాఠము. పని విషయమున మనసును చేర్చుటయు, ఫలము విషయమున మనసును కుదించుటయు కాయకమున రెండును కలవు.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. కర్తవ్యము ఎల్లప్పుడు ఇష్టముగా నుండునా? జ్వరముతో నున్న బిడ్డకొఱకు తల్లి అర్ధరాత్రి లేచును. నిద్ర మానుట ఆమెకు సుఖము కాదు. అయినను ఆమెను ఎవ్వరును లేపలేదు, ఆజ్ఞాపింపలేదు. "నిద్రపొమ్ము, ఇతరులు చూచెదరు" అన్నను ఆమె పోదు. కర్తవ్యమునకు సుఖము అవసరము లేదు. సమ్మతి మాత్రము అవసరము. సుఖమును సమ్మతిని ఒకటిగా భావించుటవలననే ఈ ఆక్షేపణ కలుగుచున్నది.

సమ్మతి యున్నదో లేదో తెలిసికొనుటకు భాషయే ఒక మార్గమును చూపుచున్నది. "వలెను" ఉన్నచోట "వలదు" అనుటకు వీలుండవలెను. వద్దనుటకు వీలున్నవాడు చేయుదును అన్నప్పుడే అది కాయకమగును. వద్దన్నచో కూడు దొరకనివాడు, దెబ్బలు తినువాడు చేయు పనికి ఆ పేరు పెట్టుట ఆ మాటను దొంగిలించుటయే.

ఈ హెచ్చరిక నేటికిని అవసరమే. పాకీపని చేయించుటను నిషేధించుచు 1993లో ఒక చట్టము, 2013లో మఱియొక చట్టము వచ్చినవి. అయినను మురుగుగోతులలో దిగి ఊపిరాడక మరణించినవారి వార్తలు వచ్చుచునే యున్నవి. ఆ గోతి యొడ్డున నిలిచి, "ఏ పనియు హీనము కాదు, పనియే పూజ" అని బోధించుట సులభము. ఆ మాట అసత్యము కాదు. కాని గోతిలో దిగువాడు తన పనిని గూర్చి దానిని చెప్పుకొనినచో అది గౌరవము. ఒడ్డున నున్నవాడు చెప్పినచో అది వెట్టికి తొడిగిన క్రొత్త చొక్కాయి. శరణులు పనికి గౌరవము నిచ్చిరి. అంతకు ముందే పని చేయువానిని తమ ప్రక్కన కూర్చుండబెట్టుకొనిరి. ఈ రెండవదానిని విడిచి మొదటిదానిని మాత్రమే చెప్పువారు కాయకములో సగమును దాచుచున్నారు.

ఇంటను, బడిలో, మఠమున, కార్యాలయమున ప్రతిదినము ఎవరో ఒకరు మఱియొకరితో "నీవు ఇది చేయవలెను" అనుచునే యుందురు. అట్లనుట తప్పు కాదు. అట్లనక సంఘము నడువదు. అయితే అను వాడు ముందుగా తన్ను తాను అడుగవలసినవి రెండు కలవు. ఆ పనిని తాను చేయుటకు సిద్ధమా? ఎదుటివాడు "వద్దు" అన్నచో వినుటకు సిద్ధమా? ఈ రెంటికిని ఔనని చెప్పగలవాని నోటనే ఆ మాట ఆజ్ఞ కాక ఆహ్వానమగును.