ఉప్పు, ఇసుక, రెక్కలు

బడిలో సజీవాలు, నిర్జీవాలు అని రెండు గళ్లు గీయించేవారు. చెట్టు ఒక గడిలో, రాయి ఇంకో గడిలో. పరీక్షకు ఆ గీత సరిపోయింది. పులికాట్ ఒడ్డున నిలబడితే మాత్రం దాన్ని ఎక్కడ గీయాలో తోచదు.

చిలికా తర్వాత దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. శ్రీహరికోట దీవి దీన్ని బంగాళాఖాతం నుంచి వేరు చేస్తోంది. కాళంగి, ఆరణి నదులు మంచినీళ్లు తెస్తే, ముఖద్వారాల గుండా సముద్రం ఉప్పునీళ్లు పంపుతుంది. ఈశాన్య రుతుపవనాల వానలకు ఉప్పదనం తగ్గుతుంది, ఎండలు ముదిరేకొద్దీ పెరుగుతుంది. ఏ నాచు పెరగాలో, ఏ రొయ్య బతకాలో తేల్చేది ఆ ఉప్పే. ఇక్కడ వాలే రాజహంస (ఫ్లెమింగో) గులాబీ రంగు కూడా అది తినే నాచు నుంచీ, రొయ్యల జాతి చిరుప్రాణుల నుంచీ వచ్చిందే. నీళ్లు మరీ లోతైతే ఆ పక్షికి మేతే అందదు. ఇక్కడ నీరూ ఉప్పూ భూస్వాములు, ప్రాణులు కౌలుదార్లు అనిపిస్తుంది.

దగ్గర్లోనే ఉన్న నేలపట్టుకు వెళితే ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడి చెరువులో, నీళ్లు నిలిచినా చావని కడప చెట్లున్నాయి. వానలకు చెరువు నిండితే గూడబాతులు వాటి మీద గూళ్లు కడతాయి. పులికాట్ దాకా ఎగిరి వెళ్లి, చేపలు పట్టి తెచ్చి పిల్లలకు పెడతాయి. వాటి రెట్ట చెరువులో పడుతుంది. ఆ నీరు పారిన పొలం బాగా పండుతుందని రైతుల నమ్మకం. 1976లో ప్రభుత్వం నేలపట్టును రక్షిత కేంద్రంగా ప్రకటించక ముందు నుంచే ఊరివాళ్లు ఈ పక్షుల జోలికి ఎవరినీ రానివ్వలేదు. రెట్టలో నత్రజని, భాస్వరం ఉంటాయి కాబట్టి ఆ నమ్మకం వట్టిది కాదు. పులికాట్ ఉప్పునీళ్లలో తిరిగిన చేపలోని భాస్వరం పక్షి కడుపులో ఎగిరొచ్చి వరిగింజలో చేరుతోందన్నమాట.

చేపలో ఉన్నప్పుడు ఆ భాస్వరం ప్రాణిలో భాగం. రెట్టలో అది ఉత్త ఎరువు. గింజలో మళ్లీ ప్రాణం. ఈ ప్రయాణంలో దాని పరమాణువు ఏమీ మారలేదు, ఉన్న చోటు మారిందంతే. అందుకే ప్రాణం అన్నది పదార్థానికి పుట్టుకతో అంటిన గుణం కాదనీ, అది కొంతకాలం పాలుపంచుకునే పని మాత్రమేననీ నాకు తోస్తుంది. నా ఎముకల్లోని భాస్వరం కూడా ఆ పనిలో ఉన్నంతసేపే నాది.

మనం ఈ దారిలో సగాన్నే ప్రేమిస్తాం. పక్షిని చూడటానికి సరస్సు పక్కనున్న సూళ్లూరుపేటకు జనం తరలివస్తారు. ముఖద్వారంలో పేరుకునే ఇసుక మేటను చూడటానికి ఎవరూ రారు. నదుల్లో నీరు తగ్గి, అలలు తోసిన ఇసుకతో ఆ దారి పూడితే సముద్రపు చేపపిల్లలు లోపలికి రాలేవు. మొదట జాలరి వల ఖాళీ అవుతుంది, ఆ తర్వాత గూళ్లు. పులికాట్ వెళ్లినప్పుడు పక్షులెన్ని వచ్చాయని అడగండి, తప్పులేదు. ముఖద్వారం తెరిచే ఉందా అని అంతకంటే ముందు అడగండి.